ఎనిమిదో నంబరు, కుడి కాలు వదులు

మార్చి 3, సోమవారం

మా ప్రార్థన సంఘం కొత్త హాలు ప్రారంభం ఈ నెల ముప్పైన. ప్రసంగం నాదే. సంఘం కార్యదర్శి సాయంత్రం ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. ఇరవై రెండేళ్ళు రేకుల షెడ్డులో, మైకు చచ్చిపోతే గొంతు చించుకుని వాక్యం చెప్పినవాణ్ణి. సంఘం నుంచి ఎవరైనా ఇంటికి వచ్చి అడగడం ఇదే మొదలు. కాఫీ తాగాక కుర్చీలో ముందుకు జరిగాడు. ఏదో మెలిక ఉందని అప్పుడే అనుకున్నాను.

"అయ్యగారూ, స్టేజి ఎక్కేవాళ్ళందరికీ ఒకే డ్రెస్సు అనుకున్నాం. తెల్ల చొక్కా, నేవీ బ్లూ చీనోస్, లెదర్ షూస్. వీడియో తీస్తున్నారు కదా, కెమెరాకి బావుంటుందని."

"చీనోస్ అంటే?"

"ప్యాంటే అయ్యగారూ."

"ఆ ముక్కే చెప్పొచ్చుగా."

ప్యాంటూ చొక్కా సంఘమే కుట్టించి ఇస్తుందట. బూట్లు మాత్రం ఎవరివి వాళ్ళు చూసుకోవాలి. ఆ మాట అంటూ గుమ్మం దగ్గర విడిచిన నా కాన్వాసు బూట్ల వంక చూసీ చూడనట్టు చూశాడు. కుడిదానికి బొటనవేలి పక్కన చిరుగుంది. రోజూ నూట యాభై ఇళ్ళు ఎక్కి దిగి కరెంటు మీటర్లు చూసేవాడి బూటు చిరక్కుండా ఉంటుందా?

"ఇంకో మాట. ఏం చెప్పాలో కూడా కమిటీ అనుకుంది. జోళ్ళ ప్రసంగం. జనం ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటారు."

అంటే కొత్త బూట్లు కొనుక్కుని, తొడుక్కుని, బూట్ల మీద మోజు పాపమని గర్జించాలి. ఇందులో అతనికి తేడా ఏమీ కనిపించలేదు. "మీ నోట ఎలా వచ్చినా బావుంటుంది" అన్నాడు.

మా ఆవిడ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. జోళ్ళ ప్రసంగం పేరెత్తితే ఆవిడ వంటగదిలోకి వెళ్ళిపోతుంది. తొమ్మిదేళ్ళుగా అంతే.

మార్చి 4, మంగళవారం

పాత నోటుబుక్కు తీశాను. జోళ్ళ ప్రసంగం, పద్నాలుగో పేజీ. నా రాత అప్పట్లో ఎంత ముద్దుగా ఉండేదో.

"మంటలో కాలిపోని పొద. దేవుడి మాట: ఇది పరిశుద్ధ స్థలం, జోళ్ళు విడువు. — మన ఇళ్ళలో ఏముంది? — మా పెద్దవాడి మంచం కింద దొరికిన పెట్టె. మొదటి జీతం. ముదురు గోధుమరంగు తోలు జోళ్ళు. — తండ్రి చిరుగు బూట్లతో వీధులు తిరుగుతుంటే కొడుక్కి ఈ సోకు ఎవరి కోసం? (ఇక్కడ ఆగుట. మంచినీళ్ళు తాగుట.) — జోళ్ళు బల్ల మీద పెట్టుట."

మా సంఘంలో బల్ల ఒక పద్ధతి. ఎవరికి ఏ వస్తువు మీద మోజు ఎక్కువైందో వాళ్ళే లేచి, వాళ్ళ చేత్తోనే తెచ్చి బల్ల మీద పెట్టాలి. తర్వాత అది అవసరమున్నవాళ్ళకి పోతుంది. ఆ రోజు పెద్దవాడు లేవలేదు. మూడో వరుసలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. వాడి బదులు నేనే పెట్టాను. తండ్రి చెయ్యి కొడుకు చెయ్యి కాదా?

షెడ్డంతా ఏడ్చింది. ఆడవాళ్ళు గొలుసులు తీశారు. వాడు లేచి బయటికి నడిచాడు, మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. ఆ ప్రసంగం కోసం తర్వాత నన్ను పదకొండు ఊళ్ళు పిలిచాయి.

పౌరుషం వాడిది. నేను చేసింది ప్రభువు పని.

మార్చి 6, గురువారం

ఈ నేవీ బ్లూ ఏమిటా అని చూస్తే, మా డిపార్టుమెంటు నాకు ఏటా ఇచ్చే ప్యాంటు రంగే. ఇరవై ఏళ్ళుగా నేను తొడుక్కుంటున్నదే. గుడ్డ మార్చి, పేరు మార్చి, నాకే కొత్తగా చెబుతున్నారు.

ఇవాళ మీటర్లు చూస్తూ గుమ్మాల దగ్గర ఏం బూట్లు ఉన్నాయో గమనించాను. గమనించానని కాదు, కంటబడ్డాయి. నల్లవి నలభై దాకా. గోధుమరంగువి పంతొమ్మిది. తెల్ల కాన్వాసువి లెక్కలేనన్ని. డాక్టరుగారింటి ముందు మట్టిరంగు జత ఒకటి ఉంది. వంగి చూస్తుంటే ఆయన భార్య తలుపు తీసి, "మీటరు పైన కదండీ" అంది.

నాకు ఈ బూట్లతో పనేముంది? అడిగారు కాబట్టి చూస్తున్నాను.

మార్చి 8, శనివారం

మా చిన్నదాన్ని సలహా అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నల్లవి వద్దు నాన్నా. నేవీ మీద నల్లవేస్తే బ్యాంకు గార్డులా ఉంటారు. తుపాకీ ఒక్కటే తక్కువ."

"మరి ఆ లేత గోధుమవి?"

"అవి పెళ్ళికొడుకులు వేసుకుంటారు. అమ్మా, మళ్ళీ చేసుకుంటావా నాన్నని?"

"ఒకసారి చేసుకున్నది చాలు" అంది ఆవిడ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"తెల్లవేస్తే?"

"నేవీ మీద తెల్లవి చాలా బావుంటాయి. ఇరవై ఏళ్ళవాళ్ళకి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వేవాణ్ణే, కానీ అది నవ్వాపి అంది: "అన్నయ్యని అడగండి. ఊళ్ళో సగంమంది కాళ్ళు వాడి చేతిలోంచే వెళ్తాయి."

మెయిన్ రోడ్డులో పెద్ద బూట్ల షాపు. అక్కడే చేరాడు, అక్కడే ఉన్నాడు. ఇప్పుడు కింది అంతస్తు అంతా వాడి కిందే నడుస్తుందట. మా ఆవిడ ప్రతి గురువారం "కూరగాయలకి" ఆ రోడ్డుకి వెళ్తుంది. రెండు గంటలు పడుతుంది. సంచీలో నాలుగు టమాటాలుంటాయి. నేను అడగను.

మార్చి 9, ఆదివారం

కార్యదర్శి: "షూస్ అయ్యాయా అయ్యగారూ?" నా ఆత్మ క్షేమం ఎప్పుడూ ఇంత శ్రద్ధగా అడగలేదు.

మార్చి 11, మంగళవారం

మూడు షాపులు. మూడింటిలోనూ కుడి కాలు దూరదు. బొటనవేలి పక్క ఎముక ఉబ్బి ఉంది కదా, ఎడమ కాలికి సరిపోయింది కుడికి బిగుతు, కుడికి పట్టింది ఎడమకి పడవ. ఒక షాపువాడు "రెండు జతలు తీసుకోండి సార్, అందులో ఒకటీ ఇందులో ఒకటీ" అన్నాడు. వాడి ముఖంలో హాస్యం లేదు.

మా ఆవిడ: "ముప్పయ్యోతారీకు వాణ్ణి రమ్మని మీరే వెళ్ళి పిలవండి. నాకింకేమీ వద్దు. ఒక్కసారి."

ఒక్కసారి. ఆవిడ తొమ్మిదేళ్ళలో నన్ను అడిగింది ఇదొక్కటే.

మార్చి 13, గురువారం

మెయిన్ రోడ్డులో మీటర్లు చూడాల్సి వచ్చింది. (ఆ వీధి నాది కాదు. ఎవరికోసం అబద్ధం రాస్తున్నాను ఇక్కడ?)

అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. వాడు దూరం నుంచే చూశాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. పక్కనున్న అమ్మాయిని ఆగమని చేత్తో సైగ చేసి వాడే వచ్చాడు.

"రండి సార్. కూర్చోండి."

సార్. సరే.

"బూట్లు కావాలి" అన్నాను.

"ఏ ప్యాంటు మీదికి?"

"నేవీ. చీనోస్ అంటారట."

వాడు నా డ్యూటీ ప్యాంటు వంక చూశాడు. తర్వాత బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "నల్లవి వద్దు సార్. నేవీ, నలుపూ దూరం నుంచి ఒకటే ముద్దగా కనిపిస్తాయి. లేత గోధుమవి కుర్రాళ్ళకి నప్పుతాయిగానీ, ఎదుటివాళ్ళ చూపు ముందు కాళ్ళ మీదికే పోతుంది. మీకు జనం ముఖం చూడాలి కదా. ముదురు గోధుమ తీసుకోండి. లేసులున్నవి, ముందువైపు గుండ్రంగా ఉండేవి. మెరుపు తక్కువ. బెల్టు కూడా అదే రంగు. సాక్స్ మాత్రం బూట్ల రంగు కాదు, ప్యాంటు రంగు."

"ఇంత శాస్త్రం ఉందా దీనికి?"

"ప్రతిదానికీ ఉంటుంది సార్. వినేవాళ్ళుంటే."

కొలత పలక తీస్తాడేమో అని కాలు చాపాను. తీయలేదు. లోపలికి వెళ్ళి ఒకే ఒక్క పెట్టెతో వచ్చాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమది తొడిగాడు, అచ్చు పోసినట్టు సరిపోయింది. కుడిది చేత్తోనే పట్టుకున్నాడు.

"ఎనిమిది. కుడిదాన్ని బొటనవేలి పక్కన సాగదీయించాలి. చెక్క అచ్చు పెట్టి రెండు రోజులుంచుతాం. శనివారం రండి."

"కొలవకుండానే?"

"కొలిచాను సార్. ఎప్పుడో."

సేల్స్‌మన్ మాటలు. వచ్చే ప్రతివాడితోనూ ఇదే అంటాడు.

ఊరుకోలేక అన్నాను, "మనుషుల కాళ్ళ దగ్గర కూర్చోవడం బానే అలవాటైందే."

వాడు తల ఎత్తలేదు. "గురువే శిష్యుల కాళ్ళు కడిగాడని మీరే కదా చెప్పేవారు. ఇక్కడ కూర్చుంటే మనుషులు బాగా అర్థమవుతారు సార్. ముఖాలు అబద్ధమాడతాయి. మడమలు ఆడవు."

వాక్యం నాకే ఎదురు చెప్పాడు. ఎవడి కొడుకు మరి.

లేచాను. మా ఆవిడ మాట గుర్తొచ్చింది. "ముప్పైన కొత్త హాలు ప్రారంభం. ప్రసంగం నాదే. మీ అమ్మ నిన్ను రమ్మంటోంది."

"ఏం చెబుతున్నారు?"

"పాతదే."

పెట్టె మూత మెల్లగా పెట్టాడు. "మూడో వరుసలో ఇంకెవర్నయినా కూర్చోబెట్టుకోండి సార్."

మార్చి 15, శనివారం

వెళ్ళి తెచ్చుకున్నాను. వాడు లేడు, కౌంటరు దగ్గర అమ్మాయి ఇచ్చింది. పెట్టెలో చిన్న చీటీ, వాడి రాత: "రోజూ అరగంట ఇంట్లో వేసుకుని తిరగండి. బయట వేసుకున్నాక వాపసు తీసుకోం."

ఇంట్లో తిరిగాను. కుడి కాలు ఎక్కడా ఒరుసుకోలేదు. తలుపు సందులోంచి మా ఆవిడ చూస్తోంది.

మార్చి 16, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

షెడ్డులో ఆఖరి ఆరాధన. అయ్యాక గేటు దగ్గర, అక్కడ కాపలా ఉండే పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఒక బూటు విప్పి అందులోంచి దూది తీసి దులుపుతున్నాడు. ముదురు గోధుమరంగు. ముందువైపు గుండ్రం. అడుగున ముందుముక్కా మడమా రెండుసార్లు మార్పించినట్టున్నాడు, పైతోలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజు బల్ల మీది జోళ్ళు ఇతనికే వెళ్ళాయి. ఆదివారం ఆదివారం ఇతని కాళ్ళకి చూస్తూనే ఉన్నాను. చూడ్డం వేరు, గమనించడం వేరు.

"ఆ దూది ఎందుకు?" అన్నాను.

"కుడిది మొదట్నుంచీ వదులు అయ్యగారూ. ఎడమది నాకు భేషుగ్గా ఉంటుంది. ఈ కుడిదే, ఇదిగో ఇక్కడ, బొటనవేలి పక్కన ఉబ్బు చూడండి. ఎవరికో పనిగట్టుకుని సాగదీయించినట్టుంది. నా కాలు అక్కడ బొంగరంలా తిరుగుద్ది. అందుకే దూది."

"ఏ నంబరు?"

తిప్పి చూపించాడు. మడమకి ముందు మిగిలిన పాత తోలు మీద అద్దిన అంకె ఇంకా కనిపిస్తోంది. ఎనిమిది.

మా పెద్దవాడి కాలు పది. పదో తరగతిలోనే పది. బడి బూట్లు ఏ షాపులోనూ దొరక్క వాడి అమ్మ వీధి వీధీ తిరిగేది. "పడవలు వస్తున్నాయి" అని చిన్నది ఏడిపించేది.

"ఒక్కసారి ఇటివ్వు" అన్నాను. పెద్దాయన తికమకగా ఇచ్చాడు. గేటు దగ్గర, అందరూ వెళ్తుండగా, కాన్వాసు బూటు విప్పి కాలు పెట్టాను. ఎముక వెళ్ళి ఆ ఉబ్బులో కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా దాని కోసమే కాచుకున్నట్టు.

"మీకు సరిగ్గా సరిపోయిందే!" అన్నాడు పెద్దాయన. "అయ్యో, ముందే చెబితే మీకే ఇచ్చేద్దునుగా!"

మార్చి 17, సోమవారం

"నీకు తెలుసా?" అని అడిగాను మా ఆవిణ్ణి.

దేని గురించని అడగలేదు. "తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఆ పెట్టె పట్టుకుని మీరు ముందుగదిలోకి వచ్చినప్పుడు చెప్పబోయాను. మీరు వాక్యం అందుకున్నారు."

"తర్వాతయినా?"

"తర్వాతెప్పుడండీ? మర్నాడే షెడ్డులో అయిపోయింది. ఆ పై నెల నుంచి ఊరూరూ పిలిచారు. మీ జోళ్ళ ప్రసంగానికి అంత పేరొచ్చింది. మధ్యలో ఎక్కడ లేచి చెప్పను, అవి మీకోసం తెచ్చినవేనని?" తనే మళ్ళీ అంది: "ఆ మంగళవారం మీ పుట్టినరోజు. అప్పటిదాకా మంచం కింద దాచాడు. మీ డ్యూటీ ప్యాంటు మీదికి ఏ రంగు నప్పుతుందో షాపులో అందర్నీ అడిగాడట. మీరు నిద్రపోతుంటే దారంతో మీ కాలు కొలిచాడు. నేనే దీపం పట్టుకున్నాను."

తండ్రి చిరుగు బూట్లతో తిరుగుతుంటే కొడుక్కి ఈ సోకు ఎవరి కోసం.

ఇక్కడ ఆగుట. మంచినీళ్ళు తాగుట.

మార్చి 19, బుధవారం

డ్యూటీకి వెళ్ళలేదు. వాక్యం తెరిచాను. ఇల్లు విడిచి, తిరిగొచ్చిన కొడుకు ఉపమానం. నలభైసార్లయినా చెప్పి ఉంటాను. తండ్రి వాడి వేలికి పెట్టించిన ఉంగరం దగ్గర ఆగేవాణ్ణి, విందుకి కోయించిన కొవ్విన దూడ దగ్గర ఆగేవాణ్ణి. ఆ తండ్రి కొడుకు కాళ్ళకి జోళ్ళు తొడిగించాడన్న ముక్క మీదుగా నలభైసార్లు గబగబా దాటిపోయాను.

ఆయన తొడిగించాడు. నేను విప్పించాను. పైగా అవి కొడుకువి కూడా కావు.

మార్చి 20, గురువారం

రేపు షాపుకి వెళ్ళి చెప్పేస్తాను.

మార్చి 22, శనివారం

ఎండ ఎక్కువగా ఉంది. సోమవారం వెళ్తాను.

మార్చి 25, మంగళవారం

ఆలోచించాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. చాటుగా చెబితే అది న్యాయం కాదు. షాపులో నసిగి వచ్చే బదులు ముప్పైన స్టేజి మీద, ఆ మైకులోనే, అంతా ఒప్పుకుంటాను. అదే సరైన పద్ధతి. ప్రభువు నాకిచ్చిన స్థలం అదే.

ఈ ఆలోచన వచ్చాక ఎంత తేలికగా ఉందో. ఆకలి కూడా వేసింది.

మా ఆవిడతో చెబితే, "ముందు వాడితో చెప్పండి" అంది. ఆడవాళ్ళకి న్యాయం సంగతి తెలియదు.

మార్చి 29, శనివారం

ప్యాంటు వచ్చింది. చిన్నది చుట్టూ తిరిగి చూసి, "నాన్నా, నిజంగా బావున్నారు. బూట్లు కరెక్టుగా కుదిరాయి" అంది. అద్దంలో చూసుకున్నాను. బావున్నాను. కన్నంటే వాడిదే.

మార్చి 30, ఆదివారం

చెప్పేశాను. మొత్తం.

ఏసీ హాలు, ఎర్ర తివాచీ, మూడు కెమెరాలు. మూడో వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచమని మా ఆవిడతో చెప్పాను, ఉంచింది, అది చివరిదాకా ఖాళీగానే ఉంది. పాత ప్రసంగం పాతట్టే మొదలుపెట్టాను. పొద, మంట, మంచం కింద పెట్టె, బల్ల. జనానికి నోటికొచ్చు, నాతోపాటు పెదాలు కదుపుతున్నారు. అప్పుడు గేటు పెద్దాయన్ని స్టేజి మీదికి పిలిచాను. కుడి బూటు విప్పించాను. పైకెత్తి పట్టుకున్నాను.

"నా కొడుకు కాలు పది" అన్నాను. "ఇది ఎనిమిది. నా కాలు ఎనిమిది."

ఒక ఆడమనిషి గొల్లుమంది. ఆమేన్‌లతో పైకప్పు అదిరింది. ముందు వరుస నుంచి మొదలై జనం బూట్లు విప్పి బల్ల దగ్గర కుప్పపోశారు. నేనూ ఏడ్చాను. అవి నిజం కన్నీళ్ళే.

దిగగానే కార్యదర్శి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం ముగింపు అయ్యగారూ! పాతదాని కన్నా పదింతలుంది. ఇక ముందు ఎక్కడ చెప్పినా ఇలాగే ముగిద్దాం. పెద్దాయన్ని కూడా వెంట తీసుకెళ్దాం, బూటుతో సహా."

మార్చి 31, సోమవారం

ఒక్క సంగతి నిన్న రాయలేదు.

"నా కాలు ఎనిమిది" అన్న తర్వాత నేను ఆగాను. మంచినీళ్ళు తాగాను. దాహం వేసి కాదు.

ఏప్రిల్ 3, గురువారం

వీడియో ఫోన్లన్నిటిలో తిరుగుతోంది. ఇవాళ ఒకింట్లో మీటరు చూస్తుంటే ఆ ఇంటావిడ నన్ను గుర్తుపట్టి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. బూట్ల వంక చూస్తూ.

మా ఆవిడ కూరగాయలకి వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చింది. సంచీ ఖాళీ. "వాడు బయటికి రాలేదు" అంది. తొమ్మిదేళ్ళ గురువారాల్లో ఇదే మొదటిసారి. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

ఏప్రిల్ 5, శనివారం

చిన్నది చెప్పింది. జనం షాపుకి వెళ్ళి "జోళ్ళ కొడుకు నువ్వేనా బాబూ?" అని వాణ్ణి అడుగుతున్నారట. ఒకాయన వాడి తల మీద చెయ్యి పెట్టి అక్కడే ప్రార్థన చేశాడట. ఇంకొకడు వాడి కాలి కొలత చూపించమన్నాడట, నిజంగా పదేనా అని.

వెళ్ళాను. నన్ను చూడగానే షాపులో పనివాళ్ళు గుసగుసలు. వాడు వచ్చాడు. ఎప్పట్లాగే, "కూర్చోండి సార్."

"వీడియో చూశావా?"

"చూపించారు. చాలామంది చూపించారు."

"అందరి ముందూ ఒప్పుకున్నాను."

"అవును. బాగా ఒప్పుకున్నారు." గొంతు పెంచలేదు. ఎదురుగా ఉన్న బూటు మీద దుమ్ము తుడుస్తున్నాడు. "అప్పుడు నన్ను బల్ల మీద పెట్టారు. ఇప్పుడు మళ్ళీ పెట్టారు. ఈసారి లైట్లు ఎక్కువ, అంతే తేడా."

"నేను చెప్పాలనుకున్నది..."

"మూడు వారాల కిందట మీ కాళ్ళ దగ్గరే కూర్చున్నాను సార్. ఇంత దూరంలో. అప్పుడు తెలియదు మీకు, సరే. తెలిశాక రెండు వారాలున్నాయి, అమ్మ చెప్పింది. నాకు చెప్పడానికి మైకు అక్కర్లేదు. చెవుడు లేదు నాకు."

నోరు తెరిచాను. ఏం వచ్చిందో తెలుసా? వాక్యం వచ్చింది. పశ్చాత్తాపం గురించి నాలుగు మాటలు వరసగా, తాళం తప్పకుండా వచ్చాయి. వాడి ముఖం తలుపులా మూసుకోవడం చూసి సగంలో మింగేశాను.

"సార్, ఏం చూపించమంటారు?" అన్నాడు, పక్కన ఎవరో వచ్చి నిలబడితే.

"సాక్స్" అన్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

సాక్స్.

ఏప్రిల్ 10, గురువారం

సాక్స్. "మీకున్నవి రెండు కాళ్ళే కదా సార్" అన్నాడు. నవ్వలేదు. బిల్లు రాశాడు.

రెండు గంటలు కాగితం చూడకుండా మాట్లాడే మనిషిని. ఇంట్లో అద్దం ముందు నిలబడి చెప్పి చూశాను. ఏ మాట ఎత్తుకున్నా ప్రసంగమే వస్తోంది. గొంతు దానంతటదే లేస్తోంది, చెయ్యి దానంతటదే పైకి పోతోంది. మామూలుగా మాట్లాడే మనిషిని ఎక్కడ పారేసుకున్నానో.

ఏప్రిల్ 13, ఆదివారం

కార్యదర్శితో చెప్పాను, జోళ్ళ ప్రసంగం ఇక చెప్పను, ఆ వీడియో తీసేయండి అని.

"అదెలా అయ్యగారూ? నాలుగు చోట్ల ఒప్పుకున్నాం."

"నా కొడుకు కథ అది."

"ఇప్పుడది సంఘానిది కదా. మీరు అలిసిపోయారంటే మన కుర్ర ప్రసంగీకుడు చెబుతాడు. వీడియో చూసి మొత్తం బట్టీ పట్టేశాడు. మీరు ఎక్కడ ఆగారో అక్కడే ఆగుతున్నాడు, మంచినీళ్ళతో సహా."

బల్ల మీద పెట్టింది తిరిగి ఇవ్వరు. ఆ పద్ధతి పెట్టింది నేనే.

ఏప్రిల్ 15, మంగళవారం

పాత కాన్వాసు బూట్లతోనే వెళ్ళాను. మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని అరల కింది పెట్టెలు సర్దుతున్నాడు. వాడు లేచే లోపే నేను పక్కన నేల మీద కూర్చున్నాను. కూర్చోవడం తేలిక కాలేదు, మోకాలు కటకటమంది.

"పైన కూర్చోండి సార్, బట్టలు మాస్తాయి."

చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. లేకపోతే పైకి లేస్తాయి.

"నంబరు చూడలేదు రా" అన్నాను. "తిప్పి చూస్తే తెలిసేది. చూడలేదు."

అక్కడ ఆపేశాను. ఇంకా బోలెడు వచ్చాయి నోటిదాకా. తండ్రి అనే మాట వచ్చింది, క్షమ అనే మాట వచ్చింది, ఉపమానం వచ్చింది. ఒక్కదాన్నీ బయటికి రానివ్వలేదు.

వాడు చాలాసేపు పెట్టెలు సర్దాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. సర్దినవే మళ్ళీ సర్దాడు. చివరికి నా కుడి బూటు చిరుగు వంక చూశాడు.

"కొత్తవి వేసుకోవడం లేదా?"

"లేదు."

"బయట వేసుకున్నవి వాపసు తీసుకోం."

"వాపసుకి రాలేదు."

ఎవరో తలుపు తోసుకుని వచ్చారు. వాడు లేచాడు. చెయ్యి ఇస్తాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు. అర పట్టుకుని నేనే లేచాను.

"సాక్స్ ఇవాళ వద్దా?"

"వద్దు."

తల ఊపి, వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి సార్ అనలేదు. నాన్నా అని కూడా అనలేదు.